ముందు పసుపు, వెనక ఎరుపు

మాబున్నీసా పుట్టిల్లు కారెంపూడి పక్కన ఒక చిన్న ఊరు. తండ్రి లక్కగాజులు చేసేవాడు. నిప్పుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంది. అందులో రంగు కలుపుతారు. మెత్తగా ఉండగానే సన్నగా సాగదీసి కర్ర చుట్టూ తిప్పితే గాజు అవుతుంది. సాగదీయడం తండ్రి పని. రంగు కలపడం కూతురి పని.

మిగతా రంగులు బజారులో కొనేవాళ్ళు. పసుపురంగుకు మాత్రం కూరలో వేసే పసుపే. కొమ్ములు దంచి, పల్చటి గుడ్డలో జల్లించి లక్కలో కలిపితే తేనెరంగు వచ్చేది. గాజుగా చుట్టాక అది మామూలు రంగే. సాగదీసేటప్పుడు, లక్క పల్చబడిన ఆ కాస్తసేపు, వెనక నిప్పు వెలుగు ఉంటే, అది మరో వస్తువు. ఆ పిల్ల దానికోసమే పొగ కళ్ళలో పడుతున్నా కుంపటి పక్కన కూర్చునేది.

కోటప్పకొండ తిరునాళ్ళలో వాళ్ళు దుకాణం పెట్టేవాళ్ళు. ఒక ఏడు పక్కనే ఉత్తరాది మట్టిగాజుల దుకాణం వెలిసింది. ఆడవాళ్ళు లక్కగాజును చేతిలోకి తీసుకున్నారు, చూశారు, తిరిగి పెట్టేశారు. బండ్ల మీద ప్రభలు కొండ కిందికి చేరకముందే తండ్రి పెట్టె కట్టేశాడు. మరుసటేడు ఆయన రాళ్ళగనిలో కూలికి పోయాడు. లక్క గురించి మళ్ళీ మాట్లాడలేదు.

పెళ్ళయి ఆమె నరసరావుపేట వచ్చింది. భర్త జహంగీర్ రేకుపనివాడు. ఖాళీ కిరసనాయిలు డబ్బాలు కోసి బుడ్లు, గరాటులు, మూతల డబ్బాలు చేసేవాడు. మాచర్ల రోడ్డులో పుల్లయ్యగారి లారీషెడ్డు ఉంది. ఆ షెడ్డులో రోడ్డువైపు మూల వాళ్ళ కొట్టు. ఇల్లు కూడా అదే. ఒక గోనెపట్టా తెర, తెర అవతల పొయ్యి, రెండు చాపలు. పుల్లయ్యగారి లారీలకు రేకుపని చేసిపెడతాడని అద్దె అడిగేవారు కాదు.

యుద్ధంలో ఒక ఉత్తరువు వచ్చింది. సముద్రం మీది నుంచి విమానాలు వచ్చి బాంబులు వేస్తాయని, మోటారు దీపాలకు ముసుగులు తగిలించాలన్నారు. వెలుతురు నేల మీదే పడాలి, ఆకాశానికి కనపడకూడదు. బస్సులు, లారీలు, డాక్టరుగారి కారు, అన్నీ ఆ మూలకే వచ్చాయి. జహంగీర్ తలెత్తకుండా ముసుగులు చేశాడు.

"జపానువాడు చల్లగుండాల," అనేవాడు. "వాడున్నంతకాలం మనకు కూడు ఖాయం."

యుద్ధం అయిపోయింది. ముసుగులు ఊడదీశారు. కొందరు వాటితో గొడ్లకు తవుడు కొలుచుకున్నారు. ఆ ఏడే జహంగీర్‌కు కుడిచెయ్యి పడిపోయింది. మూతి కూడా కాస్త ఒక పక్కకు లాగింది.

పుల్లయ్యగారు చూడ్డానికి వచ్చారు. మంచిచెడ్డలు అడిగారు.

"సాయిబూ, నీ చెయ్యి చూస్తే ఇట్టా అయిపోయింది. సైకిళ్ళ వీరయ్య కొట్టు పెట్టుకోడానికి ఈ మూల అడుగుతున్నాడు."

మాబున్నీసా తెర పక్కకు తీసి వచ్చింది.

"నాకు చేతులున్నయ్ గదా పుల్లయ్యగారూ."

"ఆడదానివి, రేకుకత్తెర పడతావా బూబమ్మా?"

"పడతా."

ఆయన ఆమె చేతుల వంక చూశారు. "సరే. మోటార్ల పని ఉన్నంతకాలం ఉండండి. లేనినాడు నా చేత రెండోసారి చెప్పించుకోకూడదు."

అట్లా ఆమె కత్తెర పట్టింది. జహంగీర్ గోడకు ఆనుకుని కూర్చుని నోటితో పని చేసేవాడు.

"వంకర పోతన్నది."

"వంకర పోయింది నీ మూతి. నా గీత కాదు."

"ఏమే, మొగుణ్ణి పట్టుకుని అనే మాటేనా అది?"

"మొగుణ్ణే అంటారు. పక్కింటోణ్ణి అంటే ఊరుకుంటాడా?"

జహంగీర్ నవ్వేవాడు. నవ్వితే మూతి ఇంకా పక్కకు పోయేది. ఆమె అటు చూడకుండా రేకు కోసేది.

కానీ పని పల్చబడింది. గరాటులు, బుడ్లు ఎవరైనా చేస్తారు. మోటార్ల పని అంటూ ప్రత్యేకంగా ఏమీ రావడం లేదు. వీరయ్య ఆ దారిన పోతూ సైకిలు దిగి, మూలను కళ్ళతో కొలిచి, మళ్ళీ ఎక్కి పోయేవాడు.

అప్పుడు ఏసోబు వచ్చాడు.

ఏసోబుది గురజాల వైపు. యుద్ధంలో మిలిటరీ లారీలు నడిపి అస్సాం దాకా పోయి వచ్చాడు. మిలిటరీవాళ్ళు వేలం వేసిన లారీని పుల్లయ్యగారు కొని అతని చేతికిచ్చారు. మాచర్ల నుంచి నాపబండలు, కంచెలకు పాతే రాతి కూసాలు, దుర్గిలో చెక్కిన రాళ్ళు, రైలు పోని ఊళ్ళకు తోలేవాడు. మాబున్నీసాను అక్కా అనేవాడు. ఆ లెక్కన జహంగీర్ బావ.

"అక్కా, లారీ నొసటికి మూడు దీపాలు కావాల."

"ముందర రెండున్నయ్ గదరా."

"అవి చట్టం పెట్టమన్నయ్. ఇవి నేను పెట్టుకునేయి."

కలకత్తాలో చూశాడట. అమెరికావాళ్ళ లారీలకు పైన, తలుపుల కంటే ఎత్తున, వరసగా తేనెరంగు దీపాలు. వాళ్ళ దేశంలో వెడల్పాటి లారీకి అవి లేకపోతే రోడ్డు మీదికి రానివ్వరని ఒక అమెరికా డ్రైవరు చెప్పాడట. ఎదురొచ్చేవాడికి లారీ ఎంత ఎత్తో, ఎంత వెడల్పో దూరం నుంచే తెలియాలి.

"మరి మనకాడ?" అన్నాడు జహంగీర్.

"మనకాడ అడిగినోడు లేడు."

"అయితే సోకన్నమాట."

"సోకే అనుకో బావా. పొద్దుగూకినాక ఎదురుగా వస్తంటే నొసట బొట్టు పెట్టినట్టు ఉంటది."

"ఒరేయ్, చర్చికి పోయేవాడివి, నీకు బొట్టెందుకురా?"

"నాక్కాదు, లారీకి. లారీ పుల్లయ్యగారిది."

చిక్కల్లా అద్దం దగ్గర వచ్చింది. చిన్న బల్బులు ఏసోబు దగ్గర ఉన్నాయి. రేకుపెట్టెలు మాబున్నీసా చేస్తుంది. తేనెరంగు అద్దం మాత్రం బెజవాడలో అడిగినా లేదన్నారు.

మాబున్నీసా లేచి కంసాలి వీధికి పోయి లక్కపెచ్చులు అడిగి తెచ్చింది. పెళ్ళయ్యాక ఆమె లక్క కరిగించడం అదే మొదలు. కుంపటి రాజేసింది. పసుపు జల్లించింది. అద్దంముక్కను వెచ్చబెట్టి, మెత్తబడిన లక్కను దాని మీద పల్చగా లాగింది. మొదటిది పొక్కింది. రెండోదానికి చారలు పడ్డాయి. మూడోదాన్ని నిప్పుకు అడ్డంగా ఎత్తి పట్టుకుని ఆమె అట్లాగే ఉండిపోయింది.

"ఏమైందే?" అన్నాడు జహంగీర్.

"కుదిరింది," అంది.

లక్క పూసిన వైపు లోపలికి ఉండేట్టు అద్దాలు బిగించింది. దుమ్ము తుడవడానికి వీలుగా పెట్టెలకు తలుపులు పెట్టింది. ఆ సాయంత్రం ఏసోబు లారీని రోడ్డు మలుపు దాకా తీసుకుపోయి తిప్పుకొచ్చాడు. చిన్నప్పుడు కుంపటి దగ్గర అంతలో కనపడి అంతలో పోయే వెలుగు, మూడు చోట్ల నిలిచి, రోడ్డు మీద నడిచి వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

పుల్లయ్యగారు మాత్రం మండిపడ్డారు. "లారీయా, పెళ్ళిపల్లకీయా ఇది? ఎవరడిగార్రా నిన్ను?" అన్నారు. తీసెయ్యమనేలోగా శివరాత్రి వచ్చింది. కోటప్పకొండ దారిలో జనం ఆగి, అదుగో పుల్లయ్యగారి లారీ అనడం ఆయన చెవిన పడింది. ఇక తీసెయ్యమనలేదు. వినుకొండ లారీవాడు ఒకడు, సత్తెనపల్లివాడు ఒకడు వచ్చి తమకూ కావాలన్నారు. మూలకు మోటార్ల పని వచ్చింది. వీరయ్య సైకిలు దిగడం మానేశాడు.

ఏడాదికోసారి లారీలను బ్రేకు ఇనస్పెక్టరుకు చూపించాలి. ఆయన చూసి సరేనంటేనే అవి రోడ్డెక్కుతాయి. ముసాఫరుబంగళా ముందున్న మైదానంలో పొద్దున్నే బ్రేకులు, చక్రాలు చూస్తారు. దీపాలు మాత్రం పొద్దుగూకే వేళకు అట్టే పెట్టుకుంటారు.

దానికి ముందురోజు ఏసోబు లారీని ఇంటి దగ్గర పెట్టుకుని కడిగాడు. చక్రాలు, తలుపులు, ఇంజను మూత, అన్నీ కడిగి అలసిపోయి అరుగు మీద పడి నిద్రపోయాడు. అతని భార్య కరుణమ్మ నిచ్చెన వేసుకుని పైకెక్కింది. నొసటి దీపాలకు దుమ్ము పట్టి ఉంది. ఆమె పెట్టెల తలుపులు తీసి అద్దాలు కిందికి తెచ్చి, ఇంట్లో లాంతరు చిమ్నీని ఎట్లా తోముతుందో అట్లాగే తోమింది. పిడకల బూడిద, చాకలి సోడా, తడిపీచు. రెండువైపులా తోమింది. కడిగి, తుడిచి, ఎక్కడివి అక్కడ పెట్టింది. మొగుడు లేచినాక చెప్పలేదు. పని చేసినందుకు చెప్పుకునే అలవాటు ఆమెకు లేదు.

మర్నాడు బ్రేకులు బాగున్నాయన్నారు. సాయంత్రం దీపాల దగ్గరికి వచ్చేసరికి లారీలు వరసగా నిలబడ్డాయి. యజమానులు, డ్రైవర్లు చుట్టూ చేరారు. మాబున్నీసా కూడా వచ్చి కొంచెం ఎడంగా, బంగళా గోడ దగ్గర నిలబడింది. తన దీపాలను ఒక సర్కారు మనిషి చూడబోవడం అదే మొదటిసారి.

ఇనస్పెక్టరు నెమ్మదైన మనిషి. గొంతు పెంచేవారు కాదు. తల పైకెత్తి చూశారు.

"ఇవేమిటి?"

"అలంకారమండీ," అన్నారు పుల్లయ్యగారు.

"అలంకారం కాదండీ," అన్నాడు ఏసోబు. "బండి వెడల్పు ఎదుటోడికి తెలవటానికండీ. కలకత్తాలో అమెరికా లారీలకు ..."

"ఇది నరసరావుపేట."

చుట్టూ నవ్వారు. ఇనస్పెక్టరు కూడా కాస్త నవ్వారు. "మన చట్టం ముందు రెండు తెల్ల దీపాలు అడుగుతుంది, వెనక ఒక ఎర్ర దీపం. ఇవి అడగదు. అడగనిదాన్ని నేనూ అడగను. నీ బండి, నీ ముచ్చట. వెయ్యి, చూద్దాం."

ఏసోబు మీట నొక్కాడు.

లారీ నొసట మూడు ఎర్రటి దీపాలు వెలిగాయి. పారాణి ఎరుపు.

ఏసోబు కిందికి దిగి తల ఎత్తి చూసి, తన కళ్ళనే తుడుచుకున్నాడు.

"వెనకది వెయ్యి," అన్నారు ఇనస్పెక్టరు.

వెనక దీపం అద్దం ఎప్పుడో రాతి కూసం తగిలి పగిలింది. ఏసోబు దానికి ఎర్రగుడ్డ చుట్టి కట్టాడు. ఎండకు గుడ్డ వెలిసి తెల్లబడింది.

ఇనస్పెక్టరు లారీ చుట్టూ ఒకసారి నడిచి వచ్చారు. "ముందు ఎర్రగా ఉంది, వెనక తెల్లగా ఉంది. పుల్లయ్యగారూ, మీ లారీ వెనక్కి నడుస్తుందా?"

ఈసారి మైదానమంతా నవ్వింది. వినుకొండ లారీవాళ్ళు మరీ నవ్వారు. పుల్లయ్యగారి మెడ ఎర్రబడింది.

"నవ్వు మాట కాదు," అన్నారు ఇనస్పెక్టరు. "ముందు ఎరుపు చూస్తే ఎదురొచ్చేవాడు ఇది అవతలికి పోతున్న బండి అనుకుంటాడు. తప్పుకోడు. రేపు సాయంత్రానికి రెండూ సరిచేసి తీసుకురండి. అప్పటిదాకా ఇది రోడ్డెక్కకూడదు."

షెడ్డుకు తిరిగి రాగానే పుల్లయ్యగారు నేరుగా మూల దగ్గరికి వెళ్ళారు.

"బూబమ్మా, నలుగుర్లో నా పరువు తీశావు. పసుపు పసుపంటిరి, అది కుంకమైంది. ఇక ఆ దీపాలూ వద్దు, ఈ కొట్టూ వద్దు. చట్టం అడగందేదీ నా బండి మీద ఉండటానికి లేదు. ఎల్లుండికి మూల ఖాళీ చెయ్యండి. వీరయ్యకు మాటిచ్చేస్తన్నా."

"పుల్లయ్యగారూ, నా లక్క ఎరుపు తిరగదు," అంది ఆమె.

"తిరిగిందిగా! ఊరంతా చూసింది."

ఆయన వెళ్ళిపోయారు. ఏసోబు మూడు పెట్టెలూ ఊడదీసి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

తెల్లవారాక మాబున్నీసా గిన్నెలు ఒక మూటలో కట్టింది. రేకుకత్తెరను గోనెలో చుట్టింది. తరవాత పెట్టెల్లోంచి ఒక అద్దంముక్క తీసి వేలు తడిచేసి దాని మీద రాసి నాలుక చివర పెట్టుకుంది. ఉప్పగా, జారుడుగా ఉంది. సోడా.

పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో ఏ ఆడదానికైనా తెలుసు. సోడా అయినా అంతే, ఎర్రబడుతుంది. ఆమె అద్దాన్ని కింద పెట్టింది.

"తెలిసిందా?" అన్నాడు జహంగీర్.

"ఆఁ."

"ఎవరు?"

ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే కరుణమ్మ వచ్చి గడపలో నిలబడింది. రాత్రంతా ఏడ్చిన ముఖం.

"వదినా, తోమింది నేనే."

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"నీ మొగుడు పుట్టినకాణ్ణుంచీ ఏదన్నా తోమినాడా?"

కరుణమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇప్పుడే పోయి పుల్లయ్యగారికి చెప్తా. తప్పు వదినది కాదు, నాదంటా."

"కూర్చో. చెప్తే ఏమొచ్చిద్ది? నా కొట్టు నాకు రాదు, నీ మొగుడి పని పోయిద్ది. ఆయన నవ్వులపాలైంది ఎవరో ఒకరి నెత్తిన పెట్టాల. ఒకరి నెత్తి చాల్లే."

కరుణమ్మ కూర్చుంది. చేతికి పని లేక తోచలేదు. మిగిలిన అద్దాల్లో ఒకదాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. పొద్దుటెండ దాని మీద పడి ఆమె చీర కుచ్చెళ్ళ మీద ఎర్రటి మరక పడింది.

"మంచి ఎరుపే," అంది కరుణమ్మ, తిట్టినట్టుగా. "ముందర కాకుండా వెనక ఉన్నా బతికిపోయేవాళ్ళం."

మాబున్నీసా ఆ మరకను చూసింది. కరుణమ్మను చూసింది. తరవాత లేచి కుంపటిలో బొగ్గులు వేసింది.

"ఏమే, మూట కట్టి మళ్ళీ కుంపటేంది?" అన్నాడు జహంగీర్.

"వెనక అద్దం లేదు గదా ఆ బండికి. ఈ ముక్కలు దానికి చాలవు. గుంటూరు పోయి తేవాలన్నా సాయంత్రానికి కాదు." కరుణమ్మ వైపు తిరిగింది. "సోడా ఎంత వేశావు?"

"చేతికొచ్చినంత."

"నీ చెయ్యి తీసుకురా మరి, సోడాతో."

తెచ్చింది. పసుపు పూసిన కొత్త అద్దాన్ని సోడానీళ్ళతో తోమారు. ఎర్రబడింది కానీ, పాతవాటిలా ఆరి గట్టిపడిన లక్క కాదు గనక, జారిపోయి అద్దం బోడిగా మిగిలింది. మళ్ళీ పూశారు. ఈసారి మాబున్నీసా పద్ధతి మార్చింది. పసుపును ముందే తడిసోడాతో నూరి, ఎర్రబడ్డాక ఆరబెట్టి, ఆ పొడిని లక్కలో కలిపింది. అది గడ్డలు కట్టింది. ఇంకోసారి మెత్తగా నూరారు. కరుణమ్మ నూరింది. అరచేతులు ఎర్రబడ్డాయి.

"పెళ్ళికూతురివైపోయావ్ చెల్లే," అన్నాడు జహంగీర్.

"నోరు మూసుకో అన్నయ్యా, చెయ్యి మంటెత్తుతుంటే."

మధ్యాహ్నానికి ఒక అద్దం కుదిరింది. లక్క లోపలివైపు ఉండేట్టు రేకుపెట్టెలో బిగించారు. ఏసోబు వచ్చి చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా, గుడ్డపీలిక విప్పి పారేసి, దాన్ని లారీ వెనక కట్టాడు. నొసటి మీద మాత్రం మేకులు దిగిన బెజ్జాలు మిగిలాయి. వాటి వంక రెండుసార్లు చూశాడు.

సాయంత్రం ఇనస్పెక్టరు ముందు దీపాలు చూశారు. తెల్లవి రెండే. వెనక్కి వచ్చారు. వెనక దీపం నిలకడగా ఎర్రగా ఉంది. వంగి దగ్గర నుంచి చూశారు.

"ఇది కంపెనీ అద్దం కాదే."

పుల్లయ్యగారు ఏసోబు వంక చూశారు. ఏసోబు గోడ దగ్గరున్న మాబున్నీసా వైపు చెయ్యి చూపించాడు. "మా అక్క చేసిందండీ."

"ఎన్నాళ్ళుంటుందమ్మా ఇది?"

అబద్ధం చెప్పవచ్చు. ఏడాది అంటే ఆయన నమ్ముతారు. జహంగీర్ ఇంట్లో అదే చెప్పి పంపాడు.

"ఎండకు వెలిసిపోయిద్దండీ," అంది ఆమె. "పసుపు గదా. వాన తగిలినా జారిద్ది. రంగు తగ్గినప్పుడల్లా మళ్ళీ పూయాల."

పుల్లయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

ఇనస్పెక్టరు ఆలోచించారు. "ఎవరు చేశారన్నది కాదు నాకు కావలసింది. దూరం నుంచి ఎర్రగా కనపడాలి. ఇవాళ ఉంది, సరిపోయింది. వెలిసిన రోజున రోడ్డు మీద చూశానంటే లారీ ఆపేస్తాను." ఆగి, మిగతా లారీల వరస వంక చూశారు. వాటిలో సగానికి వెనక గుడ్డపీలికలే. "ఇది మీ అందరికీ చెబుతున్నాను. గుడ్డలు ఇక కుదరవు."

మర్నాడు పొద్దున షెడ్డు ముందు లారీలు ఆగాయి. ఒకదాని వెనక ఒకటి. వినుకొండ డ్రైవరు షబ్బీర్ అందరికంటే ముందున్నాడు. మొన్న మైదానంలో గట్టిగా నవ్వినవాడు అతనే.

"అక్కా, వెనకది ఎర్రగా పూసిపెట్టు. వెలిస్తే మళ్ళీ వస్తా."

"వెలిసిద్ది. వస్తావు."

"ముందర ఉన్న ఆ పసుపుయ్యి కూడా మళ్ళీ పూయి. నావి మసకేసినయ్."

"వాటిని చట్టం అడగదు."

"చట్టం ఎవరక్కా? అడిగేది నేను గదా."

మాబున్నీసా అతని వైపు చూసి, రెండో కుంపటి రాజెయ్యమని కరుణమ్మకు చెప్పింది.

పుల్లయ్యగారు వీరయ్యను వెంటబెట్టుకుని వచ్చారు. వీరయ్య లారీల మధ్య సందు చేసుకుని మూల దాకా వచ్చి తొంగి చూశాడు. రెండు కుంపట్లు, పసుపు నూరుతున్న కరుణమ్మ, అద్దాలు పట్టుకుని కూర్చున్న డ్రైవర్లు, అందరికీ సలహాలిస్తున్న జహంగీర్.

"ఖాళీ అన్నావు, ఏది మావా ఖాళీ?" అన్నాడు.

పుల్లయ్యగారు లారీల వరస వంక చూశారు. ఆయన రెండో లారీకి కూడా వెనక గుడ్డే ఉంది. అది ఆ వరసలో లేదు.

"బూబమ్మా," అన్నారు.

"మూటలు కట్టినా పుల్లయ్యగారూ," అంది ఆమె. "సగం."

"సగమే కదా. విప్పుకో." కాస్త ఆగారు. "వీరయ్యకు వేరే చోటు చూపిస్తాలే. నా రెండో బండి సంగతి ..."

"వెనక పెట్టించండి," అన్నాడు జహంగీర్ గోడ దగ్గర నుంచి. "వరస ఉంది."

పుల్లయ్యగారు మాబున్నీసా వంక చూశారు, ఆమె ఏమన్నా అంటుందేమోనని. ఆమె తల ఎత్తలేదు. అద్దం మీద లక్క సగం దాకా వచ్చింది. వేడి ఉండగానే అవతలి అంచు దాకా లాగాలి.